గృహప్రవేశాల ఆవు

గుర్గావ్‌లో పద్నాలుగో అంతస్తులో ఇల్లు కొనుక్కున్న తెలుగువాడికి మొదటి చిక్కు బ్యాంకుతో కాదు, ఆవుతో వస్తుంది. గృహప్రవేశం నాడు అందరికంటే ముందు ఆవూ దూడా గడప దాటాలి. అవి దాటితేగానీ అత్తగారు లోపల కాలు పెట్టదు. ఆవులు దొరకక కాదు. ఆ ఊళ్ళో రోడ్డు నడిమధ్య కార్లకంటే ధీమాగా పడుకునేవి ఆవులే. కానీ హర్యానా ఆవు లిఫ్టులో పట్టదు. నోయిడా నుంచి వచ్చే పురోహితుడు రంగనాథ్‌గారు ఒకసారి పట్టించబోయారు. ఆవు ముందు సగం లోపలా, వెనక సగం బయటా ఉండగా తలుపులు మూసుకోబోయి తెరుచుకుని, మళ్ళీ మూసుకోబోయి తెరుచుకుని, చూస్తుండగానే ముహూర్తం దాటిపోయింది. లిఫ్టు కడగడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఆ రోజుతో రాధాకృష్ణమూర్తిగారి దశ తిరిగింది. ఆయన దగ్గర పుంగనూరు ఆవు ఉంది. పేరు కామాక్షి. మనిషి నడుం ఎత్తు కూడా ఉండదు. లిఫ్టులో నలుగురు మనుషుల మధ్య బుద్ధిగా నిలబడి, అద్దంలో తన మొహం చూసుకుంటూ ఎన్ని అంతస్తులైనా ఎక్కుతుంది. ఢిల్లీవాళ్ళు ఛోటా హాథీ అని పిలిచే చిన్న ట్రాలీ బండిలో ఎక్కి, నుదుట బొట్టుతో, కొమ్ములకి పసుపుతో, అది సోహ్నా రోడ్డు మీద వెళ్తుంటే ఆఫీసు క్యాబుల్లో నిద్రపోతున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు కూడా లేచి దణ్ణం పెట్టేవారు.

మూర్తిగారిది అమలాపురం పక్క. మొదట్లో మయూర్ విహార్‌లో ఉంటూ అక్కడి గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్ళల్లో వ్రతాలు చేయించేవారు. గుర్గావ్‌లో భవనాలు లేవడం చూసి, బాద్‌షాపూర్ ఊరి చివర చౌధరీ అనే ఆసామి దగ్గర రెండు గదుల ఇల్లూ, దాని వెనక రేకుల పాకా అద్దెకు తీసుకుని మారిపోయారు. మనిషి మంచివాడే. శాస్త్రం మీద నమ్మకం పుష్కలంగా ఉన్నవాడు. తన మీద నమ్మకం అంతకంటే కాస్త ఎక్కువ. భార్య లక్ష్మీకుమారికి పిల్లల్లేరు. ఆ ముద్దూ ముచ్చటా అంతా కామాక్షి మీదే తీర్చుకునేది.

వచ్చిన చిక్కల్లా దూడతో. ఆవు ఒక్కటే వస్తే చాలదు, పక్కన దూడ ఉండాలి. కామాక్షికి పుట్టిన దూడ ఏడాది తిరిగేసరికి తల్లంత అయింది. తల్లి పొట్టిది కాబట్టి అంత కావడానికి దానికి పెద్ద కష్టం కాలేదు. ఒక ఇంటాయన రెండింటినీ ఎగాదిగా చూసి, "వీటిలో దూడ ఏదండీ?" అని అడిగాడు. మూర్తిగారికి తల కొట్టేసినట్టయి, పెద్దదాన్ని అమలాపురం పంపేశారు.

అందుకే కామాక్షి మళ్ళీ చూలు కట్టినప్పుడు ఇంట్లో పండగైంది. ఆ పండగ ఏడో నెల దాకా ఉంది. ఒక ఉదయం పాకలో దూడ చచ్చి పడి ఉంది, వెంట్రుకలు కూడా సరిగా రాలేదు. లక్ష్మీకుమారి తన పాత చీర చింపి అందులో చుట్టి, వేపచెట్టు కింద తనే గొయ్యి తవ్వి పెట్టింది. కొన్నాళ్ళు ఆవిడ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. మూర్తిగారు అపరకర్మల పుస్తకాలు తిరగేశారు గానీ, పుట్టకుండా పోయిన దూడకి ఏం చెయ్యాలో వాటిలో లేదు. ఆయనకి నిజంగా దుఃఖం వచ్చింది.

పశువుల డాక్టరు ప్రీతి వచ్చి రక్తం పరీక్షకి పంపింది. ప్రీతి తల్లిదండ్రులు తెలుగువాళ్ళే, మయూర్ విహార్‌లో ఉంటారు. చిన్నప్పుడు మూర్తిగారు సత్యనారాయణ వ్రతం చేయిస్తుంటే కథ అయ్యేదాకా ఆగలేక ప్రసాదం గిన్నెలో చెయ్యి పెట్టిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతుంది.

"చూహే, అంకుల్," అంది రిపోర్టు చూసి. "చూహోఁ కా పేషాబ్. దాణేమే, పానీమే. ఉసీసే ఇన్ఫెక్షన్."

"ఎలుకల ఉచ్చ వల్ల దూడ పోయిందంటావా అమ్మా?"

"హాఁ. అగ్లీ బార్ భీ చూహే రహే, తో బచ్చా నహీ రహేగా." అవి ఉంటే వచ్చే దూడ కూడా దక్కదని.

లక్ష్మీకుమారి గబుక్కున వచ్చి ఇద్దరినీ ఊరుకోమంది. ఎలుకల మాట వాటికి వినబడేలా అనకూడదని ఆవిడ నమ్మకం. వింటే పగబట్టి బట్టలు కొరుకుతాయట. "వాళ్ళు అనండి చాలు," అంది మెల్లిగా. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎలుకలు వాళ్ళయ్యాయి. బంధువుల గురించి మాట్లాడుకున్నట్టు, వాళ్ళు నిన్న తవుడు బస్తా కొట్టేశారనీ, వాళ్ళు ఇవాళ కుడితి తొట్టి దగ్గర కనబడ్డారనీ చెప్పుకునేవారు.

కామాక్షికి మందులు వాడాక మళ్ళీ చూలు నిలిచింది. వాళ్ళు కూడా నిలిచారు. నిలవడమే కాదు, వానలకి పొలాల్లో కన్నాలు మునిగి, చుట్టాలందరినీ వెంటేసుకుని పాకలోకి వచ్చారు. భూసా అనే గోధుమగడ్డి పొట్టు గుట్టలో ఎక్కడ చెయ్యి పెట్టినా ఏదో కదిలేది.

"జెహర్ బిల్కుల్ నహీ," అని ప్రీతి ముందే గట్టిగా చెప్పింది. విషం తిన్న ఎలుక ఎక్కడ పడి చస్తుందో తెలియదు. భూసాలో చస్తే ఆ భూసా కామాక్షి తింటుంది. విషం కలిపిన గింజ ఒక్కటి దాణాలో పడినా అంతే. జిగురు అట్టలు పెడితే దాని కాళ్ళకే అంటుకుంటాయి.

"విషం నేనెందుకు పెడతానమ్మా, వినాయకుడి వాహనం," అన్నారు మూర్తిగారు.

"వో ఆప్‌కా డిపార్ట్‌మెంట్ హై," అంది ప్రీతి. తన డిపార్ట్‌మెంటు పని ఆవిడ చెప్పింది. దాణా అంతా మూతలున్న ఇనప డ్రమ్ముల్లో పొయ్యాలి. ఆవు తినగా మిగిలింది చీకటి పడకముందే ఎత్తెయ్యాలి. భూసాని గోడకి ఎడంగా, నేలకి ఎత్తుగా బల్లల మీద వెయ్యాలి. పాక చుట్టూ గడ్డీ చెత్తా లేకుండా చెయ్యాలి. కన్నాల్లో గాజు పెంకులు కలిపిన సిమెంటు కూరాలి. బోను తెచ్చిన రోజే బిగిస్తే లాభం లేదు, ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. తలుపు తెరిచి ఉంచి, కొన్నాళ్ళు ఊరికే తిండి పెట్టి, అది సొంత ఇల్లనుకునేదాకా ఆగి అప్పుడు బిగించాలి.

మూర్తిగారు అన్నీ చేశారు. పొద్దున్న హోమాల్లో మూషికవాహనా అని గొంతెత్తి పిలిచి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ వాహనానికే బోనులో కొబ్బరిముక్క పెట్టేవారు. పడినవాటిని చంపడానికి చేతులు రాలేదు. స్కూటర్ మీద పెట్టుకుని, దూరంగా ఆవ చేలగట్టున వదిలి, తప్పు కాయమని దణ్ణం పెట్టి వచ్చేవారు. చౌధరీ అది చూసి, పంతుల్జీ రోజూ చుట్టాల్ని బస్సెక్కించడానికి వెళ్తారని ఊరంతా చెప్పి నవ్వాడు. అంత పాటుపడ్డాక వాళ్ళు తగ్గారు. పోలేదు. పాక వెనక చౌధరీ చేలు, ఆ వెనక చెరకు. అక్కడి నుంచి వచ్చేవాళ్ళకి అంతెక్కడ? రాత్రికి నాలుగు వచ్చినా ఆ ఉచ్చ చాలు, అంది ప్రీతి. లక్ష్మీకుమారి కామాక్షి పొట్ట మీద చెయ్యేసి కూర్చునేది. మూర్తిగారు ఆవిడ మొహం వంక చూడలేక జపం వంకతో కళ్ళు మూసుకునేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నవదీప్ ఫోన్ చేశాడు. మూర్తిగారి చేత ఏడాది కిందట గృహప్రవేశం చేయించుకున్న కుర్రాడు, గుర్గావ్‌లో ఏదో కంపెనీలో మేనేజరు.

"పంతులుగారూ, చిన్న ఇష్యూ అండి. మా బాల్కనీలో ఏసీ డబ్బా మీద గుడ్లగూబ వాలుతోంది. మొన్న మా అత్తగారు చూశారు, అప్పట్నుంచి భోంచెయ్యట్లేదు."

"ఇంట్లోకి వచ్చిందా?"

"నిన్న సాయంత్రం తలుపు తీసుంటే హాల్లోకి వచ్చి, ఓ రౌండేసి వెళ్ళిపోయిందండి."

మూర్తిగారు వెంటనే బయల్దేరి వెళ్ళారు. హాల్లో సోఫా అంచున నవదీప్ అత్తగారు నాగేంద్రమ్మ కూర్చుని ఉంది. భీమవరం నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఆవిడ, మూర్తిగారి నోట వచ్చిన ప్రతి మాటా కళ్ళకద్దుకునే మనిషి. మూర్తిగారు ఏసీ డబ్బా మీది తెల్లటి రెట్ట చూసి తలాడించారు.

"ఇల్లు పాడుపెట్టాలమ్మా. ఆర్నెల్లు."

"ఆర్నెల్లంటే ఎలాగండి, లోన్ కడుతున్నాను," అన్నాడు నవదీప్. "వర్కరౌండ్ ఏమీ లేదా?"

మూర్తిగారు కళ్ళు మూసుకుని ఆలోచించి, శాంతి చేయిస్తే మూడు నెలలు చాలుననీ, మాఘమాసంలో ఆవూ దూడతో మళ్ళీ గృహప్రవేశం చేసుకుంటే దోషం పూర్తిగా పోతుందనీ చెప్పారు. దూడ అప్పటికి వస్తుందని ఆయన ఆశ.

"అయినా పంతులుగారూ, అది ఉత్త పక్షే కదండీ. దానివల్ల ఏమవుతుంది?"

మూర్తిగారు కుర్చీలో ముందుకి జరిగారు. ఇలాంటి కుర్రాళ్ళ నోరు మూయించడం ఆయనకి కొత్త కాదు. "నాయనా, అది చేసే మొదటి పని ఇంటి యజమాని బుద్ధి మీద. మంచి చెడ్డగా, చెడ్డ మంచిగా కనబడతాయి. గుడ్లగూబ వల్ల ఏమీ కాదని తనే వాదించడం మొదలుపెడతాడు. అదే మొదటి గుర్తు."

నాగేంద్రమ్మ తిరిగి అల్లుడి వంక చూసింది. ఆ చూపుకి నవదీప్ ఫోన్ తీసి అద్దె గదులు వెతకడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే బాల్కనీకి వల కట్టించారు, శాంతిహోమం జరిగింది, ఇంటికి తాళం పడింది. నవదీప్ కుటుంబం ఢిల్లీ వెళ్ళి అశోకా రోడ్డులో ఒక గెస్ట్ హౌస్‌లో గది తీసుకుంది. నవదీప్ పొద్దున్నే గుర్గావ్‌కి క్యాబులో వెళ్ళి, తను కొనుక్కున్న ఇంటి ముందు నుంచే ఆఫీసుకి పోయి, చీకటిపడ్డాక ఆ గదికి తిరిగొచ్చేవాడు. దగ్గర్లో మంచి ఆంధ్రా భోజనం దొరుకుతుందన్నది ఒక్కటే ఊరట. మూర్తిగారు మోసం చెయ్యలేదు. దోషం ఉందని అక్షరాలా నమ్మే చెప్పారు, అది ఆయన పక్షాన అనవలసిన మాట.

తర్వాత సంకష్టహర చతుర్థి వచ్చింది. మూర్తిగారు పాకలోనే గణపతి హోమం చేశారు. స్వామీ, నీ వాహనాన్ని నువ్వే మళ్ళించుకో అని కన్నీళ్ళతో వేడుకున్నారు. ఆ తర్వాత రోజురోజుకీ తొట్టి దగ్గర నల్లటి పెంటికలు తగ్గాయి. డ్రమ్ముల మూతల మీద గీతలు పడటం మానేశాయి. బోనులో కొబ్బరిముక్క ఎండి రాయిలా అయింది గానీ ఎవరూ ముట్టలేదు. దీపావళి దాటేసరికి వాళ్ళు లేరు.

మూర్తిగారి ఛాతీ ఉబ్బింది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ హోమం మహిమ చెప్పారు. ఒకాయన తన కారు వైర్లు ఎలుకలు కొరికేస్తున్నాయని మొరపెట్టుకుంటే, బేస్‌మెంటు పార్కింగులో కూడా హోమం చెయ్యవచ్చునన్నారు. "అంత గట్టిగా చెప్పకండి, వాళ్ళు వింటారు," అని లక్ష్మీకుమారి హెచ్చరించింది. వినేవాళ్ళు ఎవరూ మిగల్లేదని ఆయన పెద్దగా నవ్వారు.

నెలలు నిండుతుండగా ప్రీతి చూడటానికి వచ్చింది. పొట్ట తడిమి, దూడ బాగా ఉందంది. లేచి చేతులు కడుక్కుంటూ అటక కింద గోడ వంక చూసి ఆగిపోయింది. గోడ మీద సున్నం కారినట్టు తెల్లటి చారలు. కింద నేల మీద బొటనవేలంత నల్లటి ఉండలు. ఒకటి తీసి వేళ్ళతో విరిచింది. లోపల బూడిదరంగు వెంట్రుకలు, సన్నటి ఎముకలు, పసుప్పచ్చని పళ్ళున్న చిన్న పుర్రె.

"ఎలుక పుర్రె," అంది. సంతోషంలో తెలుగే వచ్చింది. తల పైకెత్తి చూసి మెల్లిగా మూర్తిగారి మోచెయ్యి పట్టుకుంది. "అంకుల్, ఉధర్ దేఖియే."

అటక మీద, పాత తడకల వెనక నుంచి తెల్లటి మొహం ఒకటి ఆయన వంకే చూస్తోంది. తమలపాకు ఆకారంలో ఉన్న మొహం, నల్లటి కళ్ళు. దాని వెనక బుసకొడుతూ మూడు దూది పిల్లలు.

మూర్తిగారు దాణా డ్రమ్ము మీద కూలబడ్డారు. ప్రీతి ఏదో చెబుతూనే ఉంది. పిల్లలున్న గుడ్లగూబల జంట ఒక్క రాత్రిలో ఎన్ని ఎలుకల్ని మోసుకొస్తుందో, ఏ బోనూ ఏ మందూ దాని కాలిగోటికి ఎందుకు సరిపోవో, ఆవుకి దీనివల్ల ఇసుమంత హాని ఎందుకు లేదో, అంతా ఉత్సాహంగా చెప్పింది. "ఇన్హే బిల్కుల్ మత్ ఛేడ్నా. బచ్చా చాహియే, తో యే భీ చాహియే." వాటి జోలికి వెళ్ళొద్దని, దూడ కావాలంటే అవీ ఉండాలని.

"హోమం చేశానమ్మా," అన్నారు మూర్తిగారు నీరసంగా.

"తో భగవాన్‌నే భేజా హోగా," అంది ప్రీతి, అయితే దేవుడే పంపి ఉంటాడని. బండెక్కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మూర్తిగారు ఉన్న పుస్తకాలన్నీ దింపారు. ఆవుని వేరేచోటికి మార్చుదామా అంటే, నిండు చూలాలిని కదపొద్దని డాక్టరు చెప్పింది. మార్చినచోట ఎలుకలుండవని ఎవరు చెప్పగలరు? తెల్లవారే వేళకి ఆయనకో దారి దొరికింది. శాస్త్రం గృహం అంది. గృహానికి గడప ఉంటుంది. పాకకి గడప లేదు. గడప లేనిది గృహం కాదు, గృహం కానిదానికి దోషం లేదు.

లక్ష్మీకుమారి కాఫీ కలుపుతూ విన్నది. "మరి నవదీప్ వాళ్ళ బాల్కనీకి గడప ఉందా?"

"అక్కడ హాల్లోకి వచ్చిందే."

"హాల్లోకి వచ్చి వెళ్ళిపోయింది. ఇక్కడ పురుడు పోసుకుంది."

మూర్తిగారు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. దింపిన పుస్తకాలన్నీ మళ్ళీ పైకి ఎక్కించారు.

నవదీప్‌కి చెప్పెయ్యాలని చాలాసార్లు అనుకున్నారు. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఏమని మొదలుపెట్టాలో తెలియక, మళ్ళీ పెట్టేసేవారు. గృహప్రవేశాల ఆవు పాకలో గుడ్లగూబ కాపురముందని తెలిస్తే గుర్గావ్‌లో ఇంకెవరు పిలుస్తారు? దూడ పుట్టనీ, తర్వాత చెబుదాం అనుకున్నారు. బయటికి కనబడకుండా అటకకి అడ్డంగా గోనెపట్టా కట్టారు. గుడ్లగూబ వెళ్ళి రావడానికి ఓ పక్క సందు ఉంచారు. సాయంత్రం సంధ్యావందనం అయ్యాక అది చప్పుడు లేకుండా చేల మీదికి వెళ్ళడం, కాళ్ళలో ఏదో వేలాడదీసుకుని తిరిగిరావడం చూస్తూ నిలబడేవారు. మొదట్లో భయంతో చూశారు. తర్వాత తర్వాత, అది రావడం ఆలస్యమైతే ఆయనకి తోచేది కాదు.

సంక్రాంతి వెళ్ళాక కామాక్షి ఈనింది. తెల్లటి పెయ్యదూడ, ఒళ్ళో పట్టేంత. పుట్టిన కాసేపటికి తడబడుతూ లేచి తల్లి పొదుగు వెతుక్కుంటుంటే లక్ష్మీకుమారి పాక గుంజ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మూర్తిగారు ఉత్తరీయంతో దూడ ఒళ్ళు తుడుస్తూ, తను కూడా ఏడుస్తున్నట్టు గమనించలేదు. శ్రీవల్లి అని పేరు పెట్టారు. ఆ మధ్యాహ్నం పాకలో నలుగురూ, అటక మీద ఓ కుటుంబం హాయిగా నిద్రపోయారు. తల్లికీ పిల్లకీ కూడా పాలు మానేదాకా జాగ్రత్త తప్పదనీ, ఎలుకలు మళ్ళీ వస్తే కథ మొదటికొస్తుందనీ ప్రీతి ఫోన్లో గుర్తుచేసింది.

మాఘమాసం ముహూర్తం నవదీప్‌దే మొదటిది. ముందురోజు సాయంత్రం అత్తగారిని వెంటపెట్టుకుని వచ్చాడు. దూడ ఒంటి మీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోవాలని నాగేంద్రమ్మ పట్టు. మనిషి చిక్కిపోయింది. గెస్ట్ హౌస్ గది ఇరుకనీ, మనవరాలికి జలుబు వదలడం లేదనీ, అయినా మీరు చెప్పారు కాబట్టి ఓర్చుకున్నామనీ చెప్పింది. ఆ మాట మూర్తిగారి గుండెల్లో గుచ్చుకుంది. దూడని చూడగానే ఆవిడ మొహం విప్పారింది. సుడులు చూసి, చెవులు చూసి, తోక కళ్ళకద్దుకుంది.

అప్పుడే గోనెపట్టా కదిలింది. తెల్లటి రెక్కలు వాళ్ళ తలల మీదుగా చప్పుడు లేకుండా వెళ్ళాయి.

నవదీప్ తలెత్తి గోనెపట్టా వంక చూశాడు. వెనక నుంచి పిల్లల బుస వినబడుతోంది.

"ఇది మా ఇంటి మీద వాలిందేనా అండీ?" అంది నాగేంద్రమ్మ.

"తెలియదమ్మా. అదే అయినా కావచ్చు."

"ఇవాళే వచ్చిందేమో. అల్లుడుగారూ, ఆ నిచ్చెన ఇలా తెండి. ఆ మూల వెదురుగడ ఉంది. గూడు తోసేసి, పంతులుగారు శాంతి చెప్పేస్తే రేపటికి ఏ దోషమూ ఉండదు."

ఆవిడ మంచిమనసుతో తీసిపెట్టిన దారి అది. ఔను, ఇవాళే వచ్చింది అంటే చాలు. పరువు నిలబడుతుంది, రేపటి గృహప్రవేశం నిలబడుతుంది, వచ్చే వైశాఖం దాకా ఒప్పుకున్న ముహూర్తాలన్నీ నిలబడతాయి. నవదీప్ నిచ్చెన తెచ్చి అటకకి ఆనించాడు. మూర్తిగారు నోరు తెరిచారు. పాక గుమ్మంలో లక్ష్మీకుమారి దూడ మెడ చుట్టూ చెయ్యేసి కూర్చుని ఉంది. ఆయన వంక చూసింది.

మూర్తిగారు వెళ్ళి నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డారు.

"వద్దు నాయనా. అది ఇవాళ రాలేదు, దీపావళికి ముందు నుంచీ ఉంది. అది ఉండబట్టే ఈ దూడ ఉంది. ఎలుకల్ని తినేసింది. నా హోమం వల్ల కాదు, దానివల్లే." ఆగి ఊపిరి పీల్చుకున్నారు. "మీకు నేను చెప్పింది తప్పమ్మా. మూడు నెలలు మిమ్మల్ని ఊరికే బాధపెట్టాను. గుడ్లగూబ వల్ల ఏ చెడ్డా లేదు, మంచే ఉంది. రేపు హోమాలేమీ అక్కర్లేదు. వెళ్ళి తాళం తీసుకుని హాయిగా ఉండండి. ఆ వల కూడా విప్పించెయ్యండి."

ఇన్నేళ్ళ పౌరోహిత్యంలో ఆయన అంత కష్టపడి ఏ మాటా పలకలేదు. పలికాక ఒళ్ళు తేలికపడింది. ఇక తిట్టినా పడదామని తల వంచుకుని నిలబడ్డారు.

నాగేంద్రమ్మ తిట్టలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అల్లుడి వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"విన్నారా? పంతులుగారు ఆ రోజు ఏం చెప్పారో అచ్చం అలాగే. మంచి చెడ్డగా, చెడ్డ మంచిగా. ఏమీ కాదని యజమానే వాదిస్తాడన్నారు. అంతటి మనిషినే పట్టేసింది చూడండి."

"అత్తయ్యా, ఆయన చెప్పేది నిజమేమో," అన్నాడు నవదీప్.

"మీరు కూడా ఈ పాకలో ఎక్కువసేపు ఉండకండి," అంది ఆవిడ.

"అది కాదమ్మా, ఆ మాట నేనే కల్పించి..." అని మూర్తిగారు మొదలుపెట్టారు. ఆయన ఒక్కొక్క మాటా అంటుంటే నాగేంద్రమ్మ మొహంలో జాలి ఇంకాస్త పెరుగుతూ వచ్చింది. తను చెప్పిన మాటని ఇంత గట్టిగా నమ్మినవాళ్ళు ఆయనకి జన్మలో తగల్లేదు. ఇక తనే కాదన్నా వాళ్ళు వినరని అర్థమై, మధ్యలోనే ఆపేశారు.

"మీరేం దిగులుపడకండి," అంది ఆవిడ, జబ్బు మనిషితో మాట్లాడినట్టు. "రేపటికి నోయిడా రంగనాథ్‌గారిని పిలుచుకుంటాం. వెండి ఆవు తెస్తారట, లిఫ్టులో ఇబ్బంది ఉండదు. మీకు కూడా ఆయన చేతే శాంతి చేయిస్తాను, ఆ పుణ్యం నాకు దక్కనివ్వండి. మీరు మాత్రం లక్ష్మీకుమారిగారిని తీసుకుని ఇల్లు ఖాళీ చెయ్యండి. మూడు నెలలు చాలు. అశోకా రోడ్డులో మేం రేపు ఖాళీ చేసే గది ఉంది. మీకోసం అట్టే పెట్టమని చెప్పనా?"

మూర్తిగారు ఆలోచించి చెబుతానన్నారు. నాగేంద్రమ్మ ఆయనకి నమస్కారం చేసి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా వెళ్ళి కారెక్కింది. నవదీప్ ఒక్కడే కాస్త ఆగాడు. "సారీ అండి," అని, ఇంకేదో అనబోయి, కారులోంచి పిలుపు రావడంతో వెళ్ళిపోయాడు.

పంతులుగారిని గుడ్లగూబ పట్టిందన్న మాట గుర్గావ్ చుట్టి రావడానికి ఎంతోసేపు పట్టదని మూర్తిగారికి తెలుసు. బండి దుమ్ము అణిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. చేల మీద నుంచి గుడ్లగూబ తిరిగొచ్చి, ఆయన్ని పట్టించుకోకుండా గోనెపట్టా సందులోంచి లోపలికి దూరింది. పిల్లల బుస హెచ్చింది.

"ముహూర్తం ఏ వేళకన్నారు?" అని ఇంట్లోంచి వస్తూ లక్ష్మీకుమారి అడిగింది. ఆయన నిజం చెప్పేశాక దూడని గుంజకి కట్టి కాఫీ పెట్టడానికి వెళ్ళిన ఆవిడకి తర్వాతి మాటలు వినబడలేదు.

"వాళ్ళకి కాదుట, మనకి పెట్టారు. ఇల్లు ఖాళీ చెయ్యాలిట. మూడు నెలలు."

ఆవిడ పకపకా నవ్వింది. చీరలో చుట్టి దూడని పాతిపెట్టిన రోజు నుంచీ ఆయన ఆ నవ్వు వినలేదు. తనకి నవ్వు రాలేదు గానీ, ఆ నవ్వు ఆగకపోతే బాగుండునని మాత్రం అనిపించింది.

"సరేలెండి, ముందు ఆ పలుపు విప్పండి," అంది ఆవిడ. "పాలకి ఏడుస్తోంది."

మూర్తిగారు వంగి శ్రీవల్లి మెడలో పలుపు విప్పారు. అది తల్లి దగ్గరికి పరిగెత్తింది.